తమ్ముడికి ఒక్క చుక్క ఇస్తే ఏమవుతుంది?

అమ్మలూ, నాన్నలూ,

మీ ఉత్తరం అందింది. ఈసారి అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, సంతోషం. పెద్దమ్మడు చివర్లో రాసిన ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. "తమ్ముడికి పాలు పడవు అంటారు కదా తాతయ్యా, రోజూ ఒక్క చుక్క ఇస్తూ పోతే అలవాటైపోదా? వాడొక్కడి కోసం ఇంట్లో అందరం ఇన్ని ఎందుకు మానుకోవాలి?" అని. మంచి ప్రశ్న. చిన్నవాడి మీద కోపంతో అడిగింది కాదని నాకు తెలుసు, ఇల్లంతా వాడి ప్లేటు చుట్టూనే తిరుగుతుంటే ఎవరికైనా అనిపించేదే. అందుకే దాచుకోకుండా అడిగినందుకు ముందు నిన్ను మెచ్చుకుంటున్నాను.

ఒక ఇంటికి కాపలా కుక్క ఉందనుకోండి. మన ఒంట్లోనూ అలాంటిది ఒకటి ఉంది. రోగం తెచ్చే క్రిములు వస్తే మొరిగి, కరిచి, తరిమేయడం దాని పని. చాలా నమ్మకమైనది, రాత్రీ పగలూ నిద్రపోదు. దానికి కళ్ళకంటే ముక్కు ముఖ్యం. ఒకసారి ఫలానా వాసన దొంగది అని మనసులో పెట్టుకుందంటే ఇక మరిచిపోదు. తమ్ముడి ఒంట్లో కుక్క పాలలో ఉండే ప్రోటీన్ వాసనని దొంగ వాసన అనుకుంది. అంతే జరిగింది, దీన్నే అలర్జీ అంటారు. పాలు మంచివే, తమ్ముడూ మంచివాడే, కుక్కా మంచిదే. మధ్యలో గుర్తు తప్పింది.

ఇప్పుడు నీ చుక్క సంగతి. కుక్క దొంగ ఎంత పొడుగున్నాడని చూడదు కదా. వాసన తగిలితే చాలు, లేస్తుంది. అందుకే గ్లాసెడు పాలే కాదు, పాలు కలిపిన చెంచాని కడగకుండా తమ్ముడి గిన్నెలో పెట్టినా ప్రమాదమే. మేక పాలు ఇద్దామా అని కొందరు అంటారు, అందులో ప్రోటీన్లు ఆవు పాలలో ఉన్నవాటికి బాగా దగ్గరగా ఉంటాయి, చుట్టం మారినా వాసన అదే. ఇంకో విషయం, మొదటిసారి తిన్నప్పుడు పైకి ఏమీ కనపడకపోవచ్చు. ఆ రోజు కుక్క వాసన చూసి గుర్తు పెట్టుకుంటుంది, అరుపు తర్వాత ఎప్పుడో వస్తుంది. "మొన్న తిన్నాడుగా, ఏమీ కాలేదుగా" అనేవాళ్ళ మాట అందుకే నమ్మకూడదు.

కుక్క ఎందుకు పొరబడిందంటావా? మామూలుగా నోటి దారిన, అంటే వీధి గుమ్మంలోంచి వచ్చిన తిండిని అది చుట్టంగానే చూస్తుంది. తమ్ముడు పసివాడుగా ఉన్నప్పుడు బుగ్గలూ మోచేతి మడతలూ ఎర్రగా పగిలి ఉండేవి, గుర్తుందా, ఎగ్జిమా అన్నారు. అలా పగిలిన చర్మంలోంచి తిండి రేణువులు లోపలికి పోతే, గోడ దూకి వచ్చినవాడిని చూసినట్టే కుక్క చూస్తుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. దీనికి ఊతమిచ్చే పరీక్ష ఒకటి లండన్‌లో జరిగింది, ఫలితాలు 2015లో వచ్చాయి. ఎగ్జిమా బాగా ఉన్నవాళ్ళో, గుడ్డు పడనివాళ్ళో అయిన 640 మంది పసిపిల్లల్ని తీసుకుని, సగం మందికి చిన్నప్పటినుంచే పల్లీలు పిల్లలు తినగలిగే రూపంలో పెట్టారు, సగం మందికి ఐదేళ్ళ దాకా పెట్టలేదు. ఐదేళ్ళు వచ్చేసరికి, తిన్నవాళ్ళలో పల్లీల అలర్జీ చాలా చాలా తక్కువగా కనిపించింది. గుమ్మంలోంచి ముందే పరిచయం చేశారన్నమాట. కానీ ఇది కుక్క ఇంకా మొరగడం మొదలుపెట్టకముందు చేసే పని. మొరగడం మొదలయ్యాక చుట్టాన్ని మళ్ళీ మళ్ళీ గేటు దగ్గరకి తీసుకెళ్ళడం మనం చేయకూడదు. కొన్ని ఆసుపత్రుల్లో డాక్టర్లు కొలిచి, చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, పక్కన మందులు సిద్ధంగా ఉంచుకుని నెలల తరబడి అలవాటు చేస్తున్నారు. చూశావా, నీ ఆలోచన తప్పు కాదు. చేసే చోటు వంటిల్లు కాదు, అంతే.

ఇక్కడ మీకో ఇద్దరు స్నేహితుల కథ చెప్పాలి. జర్మనీలో ప్రాస్నిట్జ్, క్యూస్ట్నర్ అని ఇద్దరు డాక్టర్లు ఉండేవారు. క్యూస్ట్నర్‌కి చేప పడదు. ప్రాస్నిట్జ్‌కి చేపతో ఏ ఇబ్బందీ లేదు. క్యూస్ట్నర్ రక్తంలోంచి తీసిన నీళ్ళలాంటి భాగాన్ని ప్రాస్నిట్జ్ తన చర్మం కింద కొద్దిగా ఎక్కించుకున్నాడు. మర్నాడు సరిగ్గా అదే చోట చేప రసం ఎక్కించుకుంటే, అక్కడ దద్దురు లేచింది! చేపలంటే ఏ ఇబ్బందీ లేని మనిషికి, ఆ కాసింత చోట మాత్రం స్నేహితుడి అలర్జీ వచ్చేసింది. ఈ సంగతి వాళ్ళు 1921లో ప్రకటించారు. రక్తంలో ఉన్న ఆ కనపడని వస్తువు ఏమిటో తేలడానికి మరో నలభై ఏళ్ళకు పైగా పట్టింది. 1966లో ఇషిజాకా అనే జపాన్ భార్యాభర్తలు అమెరికాలో, ఇంచుమించు ఆ రోజుల్లోనే స్వీడన్‌లో మరో ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. ఐజీఈ అని పేరు పెట్టారు. కుక్క ముక్కు అదే. రక్తంలో ఎంత తక్కువ ఉంటుందో, ఎంత గొడవ చేస్తుందో తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఆశ్చర్యమే.

మా చిన్నప్పుడు ఇవేవీ మాకు తెలియవు. నా పక్కన కూర్చునే నేస్తానికి పల్లీలు పడేవి కావు. చెట్లెక్కడంలో వాణ్ణి మించినవాడు లేడు, పరుగులో గాలే. అలాంటివాడికి ఒక్క పల్లీ నోట్లో పడితే పెదవులు ఉబ్బిపోయి ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. పెద్దవాళ్ళు కొందరు అదంతా మారం అనేవారు. "కొంచెం తింటే ఏం కాదులేరా" అని చేతిలో పెట్టేవారు. వాడు ప్రతిదీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు, అదొక ఆట అనుకుని మేమూ చూసేవాళ్ళం. నిజానికి వాసన చూసి, రంగు చూసి అందులో ఏముందో కనిపెట్టడం ఎవరివల్లా కాదు. వాణ్ణి కాపాడింది వాళ్ళమ్మ. ఎవరింటికి వెళ్ళినా "ఇందులో ఏమేం వేశారమ్మా" అని నెమ్మదిగా, ఏమాత్రం మొహమాటం లేకుండా అడిగేది. కొందరికి కోపం వచ్చేది, మా ఇంటి వంట మీద నమ్మకం లేదా అనేవారు. ఆవిడ నవ్వి, మళ్ళీ అదే ప్రశ్న అడిగేది. అంత ధైర్యం నేను చాలామంది పెద్దమనుషుల్లో కూడా చూడలేదు. మీరూ అలా అడగాలి. తమ్ముడికి ఇంకా మాటలు సరిగ్గా రావు, వాడి నోరు మీరే.

ఇక ఇంట్లో మానుకోవడం గురించి. అందరూ అన్నీ మానేయాలని నేను అనను. నీకు పాలు కావాలి, తాగు. తాగాక చేతులూ మూతీ సబ్బుతో కడుక్కో. చేతులకి రాసుకునే శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది కానీ ప్రోటీన్‌ని తీసేయదు, సబ్బూ నీళ్ళే కావాలి. వాడి గ్లాసు, వాడి చెంచా వేరే. అమ్మ మాత్రం వాడికి పాలు ఆపి ఊరుకోవడం లేదు గమనించావా? పాలలో దొరికే కాల్షియం, విటమిన్ డి, ప్రోటీన్ ఇంకో దారిలో ఇవ్వకపోతే ఎదిగే పిల్లాడు వెనకబడిపోతాడు. అందుకే డాక్టర్ని, డైటీషియన్‌ని అడిగి ఏం పెట్టాలో రాసుకుంది, ఎత్తూ బరువూ చూపిస్తూ ఉంది. భయపడి గుడ్డు, గోధుమ, చేప అన్నీ ఒకేసారి ఆపేసే ఇళ్ళున్నాయి. అది పిల్లాడికి ఇంకో రకం అన్యాయం. రక్త పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టే కాదు, తిన్నప్పుడు ఏమైందన్నది కూడా కలిపి చూసి డాక్టరే తేల్చాలి.

కుక్క మరీ రెచ్చిపోయిన రోజున ఏం చేయాలో మీకూ తెలిసి ఉండాలి. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు సాధారణంగా తెలిసిపోతుంది. దద్దుర్లు, వాంతి, గొంతు బొంగురుపోవడం, దగ్గు, పిల్లికూతలు, ఒక్కసారిగా నీరసించిపోవడం. చిన్నపిల్లలు గొంతు బిగుస్తోందని చెప్పలేరు, "నాలుక గుచ్చుతోంది" అంటారు, నాలుక గోక్కుంటారు. అప్పుడు "చూద్దాంలే" అనకుండా గట్టిగా అమ్మని పిలవండి. ఊపిరి ఇబ్బంది అయినా, కళ్ళు తేలేసినా డాక్టర్ ఇచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ తొడ బయటివైపు వెంటనే ఇవ్వాలి, అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. దురద తగ్గించే మందు కిటికీ మూసుకోవడం లాంటిది, అరుపు వినపడదు కానీ కుక్క ఆగదు. ఎపినెఫ్రిన్ యజమాని గొంతు, అది వింటే కుక్క వెనక్కి తగ్గుతుంది. వాణ్ణి పడుకోబెట్టాలి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టొచ్చు, నిలబెట్టి నడిపించకూడదు. కాసేపటికి తేరుకున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు. టెన్షన్ పడకండి, ఇంజెక్షన్ ఎక్కడ ఉంటుందో ఈ రోజే అమ్మని అడిగి చూడండి. తాళం వేసిన అల్మారాలో ఉంటే మాత్రం అక్కడినుంచి తీయించండి.

ఇది ఎల్లకాలం ఉంటుందా అని కూడా అడగబోతారు. పాలు, గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. పల్లీల విషయంలో దాదాపు ఐదుగురిలో ఒకరికే తగ్గుతుంది. తమ్ముడిది పాలే కాబట్టి నాకు ఆశ ఎక్కువ. ఎప్పుడు తగ్గిందో డాక్టర్ చూసి చెబుతారు, మనం ఇంట్లో చుక్క వేసి తెలుసుకోవడం కాదు.

మిగతా శాస్త్రం ఇంకోసారి. ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కడున్న ప్యాకెట్లన్నీ ఒక్కొక్కటీ తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. పాలు అని రాసి ఉండకపోవచ్చు, కేసీన్ అనో, వే పౌడర్ అనో ఉంటుంది, అవీ పాలే. పాలు ఉంటాయని కలలో కూడా అనుకోని ప్యాకెట్లలో ఎన్నింట ఉన్నాయో రాసి నాకు పంపండి. పోయిన నెల చూశాం కదా అని వదలకండి, కంపెనీవాళ్ళు మారుస్తూ ఉంటారు, కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడల్లా చదవాలి. చిన్నోడు పక్కన కూర్చుంటానంటే కూర్చోబెట్టుకోండి, ముందు వాడికి 'పా' అక్షరం చూపించండి.

ప్రేమతో,
తాతయ్య