ఆక్సిజన్‌తో బొగ్గు మండిస్తే: అపోహలు, వాస్తవాలు

ప్రెజర్ కింద, గాలికి బదులు ఆక్సిజన్‌తో బొగ్గు మండించే పద్ధతి మీద పనిచేస్తానని చెబితే రాజమండ్రిలో ఎవరైనా అడిగేది ఒకటే: "వేమగిరి, జేగురుపాడు గ్యాస్ ప్లాంట్లే మూలన పడ్డాయి, ఇంకా బొగ్గేంటండీ?" గ్యాస్ చాలకే కదా అవి ఆగింది. కరెంటు మాత్రం ఎక్కువగా బొగ్గు మీదే నడుస్తోంది.

అపోహ: ఆక్సిజన్‌తో మండిస్తే పొగే ఉండదు.
ఉంటుంది. బూడిద కూడా తగ్గదు. గాలిలో 78 శాతం ఉండే నైట్రోజన్‌ను ముందే తీసేస్తాం కాబట్టి చివర్లో మిగిలేది చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. నీటిని దించేస్తే మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదలకుండా పట్టుకోవడం తేలిక.

అపోహ: ప్రెజర్ పెట్టేది మంట పెంచడానికి.
నిజానికి స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో మంట మరీ వేడెక్కుతుంది, కాలిన వాయువునే కొంత వెనక్కి తిప్పి దాన్ని అదుపులో పెడతాం. ప్రెజర్ అసలు లాభం ఆవిరి దగ్గర. వాయువులో మూడో వంతు ఆవిరి ఉందనుకోండి. మామూలు ప్రెజర్‌లో అది సుమారు 70 డిగ్రీలకు చల్లారాకే నీరవుతుంది. ఆ గోరువెచ్చని వేడితో పెద్దగా పని జరగదు. 15 బార్ల దగ్గర (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ప్రెజర్) 150 డిగ్రీలకే నీరవడం మొదలెడుతుంది. ఆ వేడితో బాయిలర్‌కు వెళ్లే నీటిని కాచుకోవచ్చు. పైగా లోపల ప్రెజర్ ఎక్కువ కాబట్టి సందుల్లోంచి బయటి గాలి చొరబడదు.

అపోహ: పేలిపోతుంది.
1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ చూసిన కోనసీమవాళ్లు భయపడితే తప్పుపట్టలేం. కానీ మామూలు థర్మల్ ప్లాంట్లలోనే బాయిలర్ గొట్టాల్లో 150 బార్లు దాటుతుంది. మాకు అసలు తలనొప్పి బొగ్గుపొడిని ప్రెజర్‌లోకి ఎక్కించడం. రెండు వాల్వుల మధ్య తొట్టిలో నింపి, ప్రెజర్ పెట్టి, కిందికి వదలాలి. పొడికి కాస్త చెమ్మ తగిలిందా, ముద్దకట్టి గోడలకు అంటుకుపోతుంది. మన జులై ముసురులో ఇక చెప్పక్కర్లేదు.

అపోహ: ఆక్సిజన్ గాలిలో ఊరికే దొరుకుతుంది.
టన్ను ఆక్సిజన్ విడదీయడానికి సుమారు 200 యూనిట్ల కరెంటు కావాలి. టన్ను కార్బన్ కాలడానికి 2.67 టన్నుల ఆక్సిజన్, అంటే 530 యూనిట్ల పైమాటే. 37 శాతం సామర్థ్యంతో ఆ టన్ను ఇచ్చే కరెంటులో ఇది ఆరో వంతుకు దగ్గర. ఆవిరి వేడి వెనక్కి వచ్చినా ఈ లోటు పూర్తిగా పూడదు. ఎవరైనా పూడుతుందంటే లెక్క అడగండి.

అపోహ: రేపో మాపో వచ్చేస్తుంది.
ఆస్ట్రేలియాలో కాలైడ్ దగ్గర 30 మెగావాట్ల యూనిట్‌ను 2012 నుంచి 2015 దాకా ఆక్సిజన్‌తో నడిపారు, అదీ మామూలు ప్రెజర్‌లో. ప్రెజర్ పద్ధతిలో వాణిజ్య బొగ్గు ప్లాంటు ఇంకా ఎక్కడా లేదు.