సీనియర్ థీసిస్ చూసి రిఫరెన్సులు రాస్తున్నారా? సైటేషన్ రూల్స్ మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్ చూస్తుంటాను. సబ్మిషన్లు దగ్గరపడ్డాయంటే చాలు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని పిల్లలు వస్తూనే ఉంటారు, మేడమ్ మా గైడ్ రిఫరెన్సులన్నీ ఎర్రపెన్నుతో కొట్టేశారు, తప్పేంటో చెప్పలేదు అని. చాలామందిది ఒకటే కథ, సీనియర్ థీసిస్ పక్కన పెట్టుకుని అచ్చం అలాగే టైప్ చేసుంటారు, ఆ సీనియర్ సబ్మిట్ చేసిందేమో 2015లో.

అపోహ: ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల రిఫరెన్స్ స్టైల్) అంటే ఏపీఏనే, అందులో పాతా కొత్తా ఏముంటుంది?

వాస్తవం: చాలా ఉంటుంది. ఇప్పుడు నడిచేది ఏడో ఎడిషన్, 2019 అక్టోబర్‌లో వచ్చింది. అంతకుముందు పుస్తకమైతే పబ్లిషర్ పేరు ముందు ఊరి పేరు కూడా రాయాలి, ఇప్పుడు ఊరు అక్కర్లేదు. ముగ్గురి నుంచి ఐదుగురి దాకా రచయితలుంటే మొదటిసారి అందరి పేర్లూ రాసి తర్వాత్నుంచి మొదటి పేరు పక్కన ఎట్ ఆల్, అంటే తదితరులు, అనేవాళ్లం, ఇప్పుడు మొదటిసారే ఎట్ ఆల్. అయితే ఇది చాప్టర్ లోపల మాట. చివర్లో ఇచ్చే లిస్టులో లెక్క వేరు, అక్కడ ఇదివరకు ఏడుగురి దాకా అందరి పేర్లూ ఇచ్చేవాళ్లం, ఇప్పుడు ఇరవై మంది దాకా ఇవ్వాలి. ఒకచోట తగ్గింది, ఇంకోచోట పెరిగింది, పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. డీఓఐ (ఆన్‌లైన్‌లో ఒక్కో పేపర్‌కి ఉండే శాశ్వత గుర్తింపు నంబర్) ఉంటే పూర్తి లింకులాగా ఇవ్వాలి.

ఇవన్నీ మనల్ని సతాయించడానికి మార్చారని అనుకోకండి. రిఫరెన్స్ అంటే అడ్రస్, చదివేవాళ్లు ఆ పుస్తకం దగ్గరికి, ఆ పేపర్ దగ్గరికి వెళ్లగలగాలి. పబ్లిషర్ ఏ ఊర్లో ఉన్నాడో తెలిస్తే ఇప్పుడు పుస్తకమేమీ దొరకదు, డీఓఐ నొక్కితే పేపర్ దొరుకుతుంది. షికాగో అనే ఇంకో స్టైల్ వాళ్లు కూడా 2024లో వచ్చిన 18వ ఎడిషన్‌లో, 1900 తర్వాత అచ్చయిన పుస్తకాలకి ఊరి పేరు అవసరం లేదన్నారు. ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) స్టైల్ అయితే 2016లోనే తీసేసింది.

అపోహ: రిఫరెన్సులు పెట్టే సాఫ్ట్‌వేర్లు జొటేరో, మెండలే ఉన్నాయిగా, అవే కరెక్ట్‌గా పెట్టేస్తాయి.

వాస్తవం: కామాలూ ఇటాలిక్కులూ పెడతాయి, మన ఇంటిపేర్లు మాత్రం వాటికి తెలీదు. మొన్న ఒకమ్మాయి లిస్టు పెన్సిల్‌తో ఒక్కో లైను చూసుకుంటూ వస్తుంటే, రెడ్డి కామా ఎస్. పి. అని ఉంది. ఎవరీయన అని అడిగితే సురవరం ప్రతాపరెడ్డి గారు మేడమ్ అంది! సాఫ్ట్‌వేర్ పేరులో చివరి ముక్కని ఇంటిపేరు అనుకుంది, మనకేమో ఇంటిపేరు ముందే వస్తుంది. అదే థీసిస్‌లో ఇంకో నలుగురు రెడ్లు, ఆరుగురు రావులు ఉన్నారు, చాప్టర్‌లో ఉత్త రెడ్డి అనీ సంవత్సరమూ వేస్తే ఏ రెడ్డి అని వెతుక్కోవాలి పాపం ఆ ఎగ్జామినర్? నిజంగానే ఒకే ఇంటిపేరు వాళ్లు ఇద్దరుంటే ఏపీఏలో ఇనీషియల్ కూడా రాయాలి. పుస్తకం టైటిల్ పేజీ తెరిచి చూడండి, ఇంటిపేరు ఏదో తెలుసుకుని లాస్ట్ నేమ్ గడిలో మీ చేత్తో మీరే టైప్ చేయండి. ఆ అమ్మాయి, నేను కూర్చుని తెలుగు పేర్లన్నీ సరిచేసేసరికి సాయంత్రం అయింది, అయినా చేయాల్సిన పనే అది. మన రచయితల్ని మన థీసిస్సుల్లోనే గుర్తుపట్టలేకపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: కింద రిఫరెన్స్ ఇచ్చాను కాబట్టి పేరా మొత్తం యథాతథంగా దించేయొచ్చు, ఎలాగూ యూజీసీ 10 శాతం దాకా ఒప్పుకుంటుంది.

వాస్తవం: మాటకు మాట ఎత్తి రాస్తే కోట్స్ ఉండాలి, పేజీ నంబర్ ఉండాలి. 2018 యూజీసీ రెగ్యులేషన్స్‌లో 10 శాతం దాకా చిన్న చిన్న పోలికలుంటే పెనాల్టీ లేదన్నారు అంతే, కాపీకి అది కోటా కాదు. 10 దాటి 40 లోపైతే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

అపోహ: చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్సులు ఫార్మాట్ బాగుంటాయి, కాబట్టి నిజమే అయుంటాయి.

వాస్తవం: ఫార్మాట్ బాగుండటమే అసలు ప్రమాదం, అనుమానం రాదు. ఒకబ్బాయి లిస్టులో జర్నల్ నిజమే, వాల్యూమ్ నిజమే, కానీ ఆ పేజీల్లో ఉన్నది వేరేవాళ్ల పేపర్. ఎంత వెతికినా ఆ టైటిల్‌తో ఎక్కడా ఏమీ దొరకలేదు. ఏఐ వాడితే వాడినట్టు చెప్పండి, దానికీ స్టైల్‌ని బట్టి పద్ధతి ఉంది, 2023లో ఏపీఏ ఆ టూల్ తయారుచేసిన కంపెనీని రచయిత స్థానంలో రాయమంది, ఎంఎల్‌ఏ ఏమో ఏఐని అసలు రచయితగా చూపించొద్దంది. ఆ టూల్ ఇచ్చిన పేపర్లని మాత్రం ఒక్కొక్కటీ డీఓఐ తెరిచి చూశాకే లిస్టులో పెట్టండి. ఆ అబ్బాయి అలా చూసుకుంటూ పోతే పద్నాలుగింట్లో ఐదు ఎగిరిపోయాయి, వాటి మీద ఆధారపడి రాసిన రెండు పేరాలు కూడా తీసేసి మళ్లీ రాసుకున్నాడు.