మెంటార్ ఊరికే దొరకడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో 14 ఏళ్లుగా కామర్స్ చెబుతున్నాను. మెంటారింగ్ అంటే ఒక్కో లెక్చరర్ కొంతమంది పిల్లల బాగోగులు కనిపెట్టుకుని ఉండటం. గత 6 ఏళ్లుగా ఆ పని చూసే బాధ్యత నా నెత్తిన ఉంది. అంటే ఏ లెక్చరర్‌కు ఏ పిల్లల్ని అప్పగించాలో పంచడం, వాళ్లతో మాట్లాడారో లేదో చూసుకోవడం. ఈ పని గురించి మేనేజ్‌మెంట్ నుంచి, తల్లిదండ్రుల నుంచి, మా స్టాఫ్ రూములో నుంచి కూడా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మెంటారింగ్‌కు పైసా ఖర్చుండదు. లెక్చరర్లు ఎటూ కాలేజీలోనే ఉంటారు కదా!

వాస్తవం: ఒకసారి లెక్క వేద్దాం. ఒక సెక్షన్‌లో 60 మంది, వాళ్లకు ఒక్కరే మెంటార్ అనుకుందాం. ఒక్కొక్కరితో సెమిస్టర్‌కు 3 సార్లు, సారికి 20 నిమిషాలు కూర్చుంటే మొత్తం 60 గంటలు. సెమిస్టర్‌కు 15 వారాలనుకుంటే వారానికి 4 గంటలు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. అంటే మెంటారింగ్ అందులో నాలుగో వంతు. ఈ 4 గంటలు టైమ్ టేబుల్‌లో లేకపోతే ఎక్కడి నుంచి తేవాలి? మధ్యాహ్నం క్యారేజీ విప్పే టైములోంచి తేవాలి, లేదంటే తేకుండా వదిలేయాలి. ఎక్కువగా జరిగేది రెండోదే.

బ్రిటన్‌లో ఇలాంటివాళ్లను పర్సనల్ ట్యూటర్ అంటారు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో విద్యార్థికి ఇన్ని గంటలని అధ్యాపకుల వర్క్‌లోడ్‌లోనే చూపిస్తారు. ఆ గంటలు చాలవని వాళ్లూ గొణుగుతారు, అది వేరే సంగతి. గొణగడానికైనా కాగితం మీద ఒక అంకె ఉంది.

అపోహ: రిజిస్టర్ సక్రమంగా ఉంటే మెంటారింగ్ సక్రమంగా ఉన్నట్టే.

వాస్తవం: ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. 2017లో తెచ్చిన కొత్త విధానంలో, కాలేజీలకు గ్రేడులిచ్చే సంస్థ న్యాక్ ఒక్కో మెంటార్‌కు ఎంతమంది పిల్లలని అడగడం మొదలుపెట్టింది. అప్పట్లో నేను పనిచేసిన కాలేజీకి న్యాక్ తనిఖీ బృందం (పీర్ టీమ్) వస్తుందనగా, రెండు రాత్రులు కూర్చుని ఏడాది డైరీలు రాశాం. ఒకే ఇంకు కనిపించకూడదని నాలుగు రకాల పెన్నులు తెప్పించారు. జూలైకి నీలం, సెప్టెంబరుకు నలుపు. ‘విద్యార్థికి ధైర్యం చెప్పడమైనది’ అన్న వాక్యం నేనొక్కడినే నలభై సార్లు రాసుంటాను. ఆ పిల్లల్లో సగం మంది ముఖాలు నాకు తెలియవు.

అపోహ: బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) ఉన్నవాళ్లకే మెంటార్ అవసరం.

వాస్తవం: రెండేళ్ల కిందట బీకాం కంప్యూటర్స్‌లో ఒక అబ్బాయి రోజూ మొదటి పీరియడ్‌లో నిద్రపోయేవాడు. మార్కులు బాగానే వచ్చేవి. కానీ పొద్దున ప్రాక్టికల్స్‌కు రాక హాజరు 75 శాతం కిందికి జారుతోంది. అంతకన్నా తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కే ఎసరు. స్టాఫ్ రూములో అందరూ వాణ్ని సోమరిపోతు కిందే జమకట్టారు, నాతో సహా.

ఒకరోజు వరండాలో ఆపి, “ఏంది అబ్బయ్యా, రాత్రిళ్లు నిద్ర పోవా?” అని అడిగాను.

“రొయ్యల గుంట కాడ కాపలా ఉంటా సార్. తెల్లారుజామున కరెంటు పోతే జనరేటర్ ఎయ్యాల. ఏరియేటర్లు ఆగితే సరుకు మొత్తం తేలిపోద్ది.”

ఏరియేటర్లంటే గుంట నీళ్లలోకి గాలి పంపే మిషన్లు. తెల్లారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. వాడు కళ్లు మూస్తే గుంట యజమానికి లక్షల్లో నష్టం. వాణ్ని మధ్యాహ్నం ప్రాక్టికల్స్ బ్యాచ్‌కు మార్చాం. అంతే. అడగడానికి పావుగంట, బ్యాచ్ మార్పించడానికి మూడు రోజులు పట్టింది. డిగ్రీ పూర్తి చేశాడు. వాడు మధ్యలో మానేసి ఉంటే కాలేజీ నష్టపోయే ఫీజు ఎంతో మా కరస్పాండెంట్ గారికి చెప్పాక ఆయన కాస్త ఆలోచనలో పడ్డారు.

అపోహ: దీనికి నిబంధనలేవీ లేవు, ఇష్టముంటే చేయొచ్చు.

వాస్తవం: ఉన్నాయి. డిగ్రీ స్థాయిలో అధ్యాపకులు రోజుకు కనీసం 2 గంటలు విద్యార్థుల మెంటారింగ్‌కు ఇవ్వాలని 2018 యూజీసీ నిబంధనల్లో ఉంది. ఏ పనుల కోసమో కూడా అందులో రాశారు: సామాజిక సేవ, పాఠ్యేతర కార్యక్రమాలు, లైబ్రరీ లాంటివి. ఒక్కొక్కరి కింద కనీసం 15 మంది ఉండాలన్నారు. ఆ ‘కనీసం’ పట్టుకుని 70 మందిని అంటగట్టేవాళ్లున్నారు.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంకొంచెం గట్టిగా చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతున్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలి. చిన్న చిన్న బ్యాచ్‌లకు మెంటార్లను కేటాయించాలని, ముఖ్యంగా పరీక్షల రోజుల్లో, అదే తీర్పులో ఉంది.

అపోహ: డబ్బులు యూజీసీ ఇస్తుందిలే.

వాస్తవం: 12వ పంచవర్ష ప్రణాళిక వరకు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు రెమెడియల్ కోచింగ్ పేరుతో యూజీసీ నిధులొచ్చేవి. ఆ ప్రణాళిక 2017తో అయిపోయింది. యూజీసీ సొమ్ము అందాలంటే యూజీసీ చట్టంలోని 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల కింద గుర్తింపు ఉండాలి. అది లేని ప్రైవేటు కాలేజీకి ఫీజులే ఆధారం, ఆ ఫీజుల్లో పెద్ద వాటా రీయింబర్స్‌మెంట్. అది ఆలస్యమైతే జీతాలే ఆలస్యమవుతాయి, ఇక మెంటారింగ్‌కు పద్దు ఎవరు రాస్తారు? అందుకే నేను డబ్బు అడగడం మానేసి పీరియడ్లు అడగడం మొదలుపెట్టాను. ఆ పీరియడ్లలో పాఠం చెప్పేందుకు గెస్ట్ లెక్చరర్‌ను పెట్టాల్సిందే, అదీ డబ్బే. కాకపోతే పీరియడ్ అంటే మేనేజ్‌మెంట్ ఉలిక్కిపడదు.

అపోహ: మెంటార్ అంటే సైకాలజిస్టు.

వాస్తవం: కాదు. చావు మాట ఎత్తిన పిల్లవాడికి నేను సలహాలివ్వను, ఒంటరిగా వదలను. పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ కలిపి ఇస్తాను, ఇంట్లోవాళ్లకు కబురు పెడతాను.

పోయిన సెమిస్టర్‌లో మొదటిసారి టైమ్ టేబుల్‌లో మెంటార్ పీరియడ్ వేశారు. శుక్రవారం ఆఖరిది. ఉదయగిరి వైపు వెళ్లే పిల్లలంతా అప్పటికే బస్టాండులో ఉంటారు. బుధవారం మూడో పీరియడ్‌కు మార్చమని రాసిచ్చాను. కాగితం ఇంకా ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీదే ఉంది.