ఆకాశం నుంచి దిగే పుట్టి

గగనయాన్ నమూనా బొమ్మ చూసిన ఒక పాఠకుడు కాస్త విసుగ్గానే రాశారు: "అమెరికా స్పేస్ షటిల్‌కు రెక్కలుండేవి, చక్రాలుండేవి, విమానంలా దర్జాగా రన్‌వే మీద దిగేది. దాన్ని మూలన పెట్టాక వచ్చినవి చూడండి. డ్రాగన్, ఒరాయన్, ఇప్పుడు గగనయాన్, అన్నీ 1960ల నాటి అపోలో గంట ఆకారమే. ముందుకు వెళ్ళాల్సింది పోయి తాతల కాలానికి ఎందుకు వెళ్తున్నాం?"

తాతలు తెలివైనవాళ్ళు కనుక, అన్నది పొట్టి జవాబు. అయితే రాబోయే వ్యోమనౌకలు ఎలా ఉండాలన్న చర్చ ఎక్కడ జరిగినా ఈ రెక్కల గొడవ వస్తూనే ఉంటుంది కాబట్టి పొడుగు జవాబు కూడా చెప్పాలి. 'చంద్రుడా, అంగారకుడా' అన్న వాదన ఒకచోట, 'రెక్కలా, గంటా' అన్న వాదన ఇంకోచోట విడివిడిగా నడుస్తుంటాయి. మొదటిది తేలితే రెండోది సగం తేలినట్టే. ఎంత దూరం నుంచి తిరిగొస్తున్నాం, అంటే ఎంత వేగంతో గాలిని ఢీకొంటున్నాం అన్నదాన్ని బట్టే నౌక ఆకారం ఉంటుంది. రాకెట్టు ఎలా పైకి లేస్తుందన్నది బడిలో అందరూ చదివిందే. దాన్ని వదిలేసి నేరుగా తిరుగు ప్రయాణానికి వద్దాం.

400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే నౌక వేగం సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు. ఆ వేగంలో ప్రతి కిలో బరువులోనూ దాదాపు 30 మెగాజౌళ్ళ గతిజ శక్తి దాగి ఉంటుంది. మామూలు చల్లటి నీళ్ళు 11 కిలోలు తీసుకుని, మరిగించి, చుక్క మిగలకుండా ఆవిరి చేయడానికి అది సరిపోతుంది. కిలో ఇనుమును ఆవిరి చేయడానికి అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. చంద్రుడి నుంచి వచ్చేటప్పుడు వేగం 11 కిలోమీటర్లు, శక్తి రెట్టింపు. నేల మీద నెమ్మదిగా దిగాలంటే ఈ శక్తినంతా దారిలో ఎక్కడో వదిలించుకోవాలి. అది నౌకలోకి చేరిందంటే నౌక ఉండదు.

1950ల మొదట్లో ఈ చిక్కు క్షిపణులు తయారుచేసేవాళ్ళది. వేగంగా పోయేదానికి ముక్కు సూదిలా ఉండాలన్నది అప్పటి నమ్మకం. లెక్కలు వేసిన కొద్దీ ఆ సూది కరిగిపోతోంది. అమెరికాలోని ఏమ్స్ పరిశోధనశాలలో జూలియన్ అలెన్ 1951లో దీన్ని తలకిందులు చేశారు. ముక్కును సూదిగా కాకుండా మొద్దుగా చేయమన్నారు. ఆల్‌ఫ్రెడ్ ఎగ్గర్స్‌తో కలిసి 1953లో ఆ లెక్కను నివేదికగా రాశారు. క్షిపణుల వ్యవహారం కాబట్టి కొన్నేళ్ళపాటు అది రహస్యంగానే ఉంది.

ఇందులో కిటుకు తెలియాలంటే పడవనూ పుట్టినీ పక్కపక్కన పెట్టి చూడాలి. పడవ ముందు భాగం కోసుగా ఉంటుంది. నీటిని చీల్చుకుని పోతుంది, నీళ్ళు దాని పక్కలను రాసుకుంటూ వెనక్కి జారుతాయి. పుట్టి అలా కాదు, గుండ్రటి వెడల్పాటి బుట్ట. దాన్ని బలంగా తోస్తే ముందు నీళ్ళు గుట్టలా లేస్తాయి, అలలై రెండు ఒడ్లకూ పోతాయి. మనం పెట్టిన బలమంతా ఆ అలల పాలే. గబగబా పోవాలనుకునేవాడికి ఇది దండగ. కానీ ఆకాశం నుంచి దిగేవాడికి కావలసింది ఆగడం! బలాన్ని అలలకు దానం చేయడమే ఇక్కడ అసలు పని. మొద్దు ముఖంతో వచ్చే నౌక ముందు గాలి గుట్టపడుతుంది, నౌకకు కాస్త ఎడంగా ఆఘాత తరంగం, అంటే ఒక్కసారిగా నలిగిన గాలి గోడ, ఏర్పడుతుంది. అక్కడ గాలి వేల డిగ్రీలకు వేడెక్కి, ఆ వేడిలో ఎక్కువ భాగం తనతోనే పక్కలకు తీసుకుపోతుంది. ఒడ్డుకు పోయే అల అన్నమాట.

'గాలి రాపిడి వల్ల నౌక వేడెక్కుతుంది' అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు, టీవీల్లోనూ అదే చెబుతారు. ఈ వాక్యం పిల్లలకు చేసే అన్యాయం ఇంతా అంతా కాదు. రాపిడే కారణమైతే సూది కన్నా మొద్దు ఎందుకు మేలో ఎవరికీ అర్థం కాదు. వేడిలో సింహభాగం నొక్కిడి వల్ల పుడుతుంది. నౌక ధ్వనికి 25 రెట్ల వేగంతో వస్తుంటే ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు, ఉన్నచోటే నలిగిపోతుంది. రాపిడి పాత్ర అంతా నౌక చర్మాన్ని ఆనుకున్న పలుచటి పొరలో. అలెన్, ఎగ్గర్స్ సూత్రం చెప్పేదీ ఇదే: మొత్తం శక్తిలో నౌకలోకి చేరే వాటా, మొత్తం నిరోధంలో (గాలి నౌకను వెనక్కి నెట్టే బలంలో) రాపిడికున్న వాటాలో సగం. సూది ఎదుర్కొనే నిరోధం చాలావరకు రాపిడే కాబట్టి సగానికి సగం వేడి దాని నెత్తినే పడుతుంది. మొద్దు ముఖానికి రాపిడి వాటా బహు తక్కువ, వేడి కూడా అంతే తక్కువ. ఇంకో మెలిక కూడా ఉంది. చర్మానికి తగిలే వేడి ముఖపు వంపు వ్యాసార్ధానికి వర్గమూలంలో తగ్గుతుంది. వ్యాసార్ధం నాలుగింతలు చేస్తే వేడి సగమవుతుంది. వేగం విషయంలో మాత్రం ఘనంలో పెరుగుతుంది. చంద్రుడి నుంచి వచ్చే నౌక మీద పడే వేడి, అదే గాలిలో, కక్ష్య నుంచి వచ్చేదానికి దాదాపు మూడు రెట్లు.

పుట్టికి ఇంకో సుగుణం ఉంది. బరువంతా అడుగున ఉంటే దాన్ని ఎటు పడేసినా తనే సర్దుకుంటుంది. 1969 జనవరిలో సోవియట్ నౌక సోయజ్-5లో వ్యోమగామి బోరిస్ వోలినోవ్ ఒంటరిగా తిరిగొస్తుండగా వెనక భాగం విడిపోలేదు. నౌక తలకిందులై, ఉష్ణకవచం వెనక్కీ, పలుచటి మూత ముందుకీ తిరిగి వాతావరణంలోకి దిగింది. మూత చుట్టూ ఉన్న రబ్బరు కాలుతూ లోపలికి పొగ వచ్చింది. ఇక అయిపోయిందనుకునే వేళకు ఆ వెనక భాగాన్ని పట్టి ఉంచిన కడ్డీలు వేడికి తెగిపోయాయి. అంతే, నౌక తనంతట తానే గిర్రున తిరిగి ఉష్ణకవచాన్ని ముందుకు తెచ్చుకుంది. కంప్యూటర్ చెప్పలేదు, మనిషి తిప్పలేదు. గురుత్వ కేంద్రం ఎక్కడుందో అదే చెప్పింది. నేలను గట్టిగా తాకడంతో వోలినోవ్ పళ్ళు విరిగాయి, ప్రాణం దక్కింది. 2008 ఏప్రిల్‌లో మరో సోయజ్‌కు దాదాపు ఇదే జరిగింది, ముగ్గురూ బతికి బయటపడ్డారు.

గంటకు రెక్కలు లేవు కాబట్టి రాయిలా పడుతుందనుకోవద్దు. గురుత్వ కేంద్రాన్ని మధ్య గీత నుంచి కొంచెం పక్కకు జరుపుతారు. దాంతో నౌక ఏటవాలుగా నిలబడి గాలి మీద ఆనుకుంటుంది. నిరోధంలో సుమారు మూడో వంతు ఉత్థాపన, అంటే పక్కకు లేపే బలం, దొరుకుతుంది. దాన్ని ఎటు వాడాలన్నది నౌకను చుట్టూ దొర్లించి నిర్ణయిస్తారు. ఎక్కువ దూరం పోవాలంటే ఉత్థాపన పైకి, తొందరగా దిగాలంటే కిందికి. ఈ మాత్రం చాలు, గగారిన్ అనుభవించిన 8 జీల భారం (మామూలు బరువుకు ఎనిమిది రెట్లు) ఇప్పటి సోయజ్‌లో నాలుగుకు దిగడానికి.

మరి షటిల్? అది కూడా పుట్టే! 40 డిగ్రీల కోణంలో ముక్కు పైకెత్తి, వెడల్పాటి పొట్టను గాలికి ఎదురుపెట్టి దిగేది. ధ్వనికి పదిహేను, ఇరవై రెట్ల వేగంలో ఆ రెక్కలు చేసే పని పొట్ట వైశాల్యం పెంచడం. విమానంలా ఎగరడమంతా చివరి కొద్ది నిమిషాల ముచ్చట. అపోలో గంటకు రూపమిచ్చిన మాక్స్ ఫాజే షటిల్‌కు చిన్న తిన్నని రెక్కలు చాలన్నారు. అప్పుడు వైమానిక దళం ఒక షరతు పెట్టింది. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి ధ్రువాల మీదుగా ఎగిరి, ఒక్క చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే దిగాలి. ఆ గంటన్నరలో భూమి తిరగడం వల్ల రన్‌వే 2,000 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. అంత పక్కకు జారుతూ రావాలంటే పెద్ద త్రికోణపు రెక్క కావాలి, దానికి వేడి కాసే ఇరవై నాలుగు వేల పైచిలుకు పలకలు కావాలి, అంచుకు కార్బన్ తొడుగు కావాలి. 2003లో కొలంబియా అనే షటిల్‌ను బలిగొన్న రంధ్రం పడింది ఆ అంచు తొడుగులోనే. షటిల్ 135 సార్లు ఎగిరింది. ఏ ప్రయాణం కోసం ఆ రెక్క పెట్టారో ఆ ప్రయాణం ఒక్కసారీ చేయలేదు, వాండెన్‌బర్గ్ నుంచి ఒక్కసారీ లేవలేదు. లక్ష్యాన్ని తొందరపడి రాసుకుంటే ఇనుములో అది ఎలా అచ్చవుతుందో ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు.

చంద్రుడి దాకా పుట్టి సరిపోతుంది. అక్కడ కూడా చిక్కులు లేకపోలేదు. 2022 డిసెంబరులో మనుషులు లేకుండా తిరిగొచ్చిన ఒరాయన్ కవచం నుంచి వందకు పైగా చోట్ల మాడిన పెళ్ళలు ఊడిపోయాయి. ఒరాయన్ ఒకసారి వాతావరణంలో మునిగి, పైకి లేచి, మళ్ళీ దిగింది. ఆ మధ్య విరామంలో కవచం పైపొర అనుకున్నంత మాడలేదు, కానీ లోపలి పదార్థం కాలుతూ వాయువులు విడుదల చేస్తూనే ఉంది. బయటకు పోయే సందులు లేక అవి పీడనం పెంచి పైపొరను పగలగొట్టాయి. వేడి ఎక్కువై కవచం దెబ్బతినడం తెలుసు, ఇక్కడ కొంతసేపు తక్కువైనందుకు దెబ్బతింది.

అంగారకుడి దగ్గర పుట్టి పోలిక కూడా తెగుతుంది. అక్కడి నుంచి వచ్చే నౌక సెకనుకు 12 నుంచి 14 కిలోమీటర్ల వేగంతో భూమిని చేరుతుంది. ఆ వేగంలో ముందు గుట్టపడ్డ గాలి మంటలా వెలుగుతూ తన వేడిని వెలుగు రూపంలో వెనక్కి, నౌక మీదికే విసురుతుంది. ఈ వికిరణ ఉష్ణం మనకు ఇంతవరకు మేలు చేసిన వ్యాసార్ధంతో పాటే పెరుగుతుంది, వేగంతో పాటు ఘనాన్ని మించి ఎగబాకుతుంది. అంటే ముఖం మరీ మొద్దుగా ఉన్నా ముప్పే. 2006లో తోకచుక్క ధూళిని తెచ్చిన స్టార్‌డస్ట్ గుళిక 12.9 కిలోమీటర్ల వేగంతో వచ్చి క్షేమంగా దిగింది, కానీ దాని బరువు యాభై కిలోలను దాటదు. నలుగురు మనుషులతో ఆ వేగంలో ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఇక్కడే రెండు పక్షాలు చీలిపోతాయి. స్పేస్‌ఎక్స్ కంపెనీ కడుతున్న స్టార్‌షిప్ పక్షం ఒకే నౌక అన్నీ చేయాలంటుంది. తొమ్మిది మీటర్ల వెడల్పు, యాభై మీటర్ల పొడవున్న ఉక్కు గొట్టం కక్ష్యలో ఇంధనం నింపుకుని, అంగారకుడి మీద దిగి, లేచి, తిరిగొచ్చి, పొట్ట ముందుకు పెట్టి భూమిలోకి దిగాలి. 2024 జూన్‌లో దాని రెక్కముక్క ఒకటి సగం కాలిపోయినా సముద్రం మీద నిదానంగా దిగడం నేను కళ్ళార్పకుండా చూశాను. ఉక్కు ఓర్పు గొప్పది. అయినా మనుషుల్ని ఎక్కించే విషయంలో నాకు అనుమానం తీరలేదు. 1983లో కాలిపోతున్న రాకెట్టు మీద నుంచి ఇద్దరు సోవియట్ వ్యోమగాముల్ని పైకి లాగేసింది గంట కొసన ఉన్న చిన్న రాకెట్టు. షటిల్‌కు అది లేదు, స్టార్‌షిప్‌కూ లేదు.

నా ఓటు రెండో పక్షానికి. ఆరేడు నెలలు బతకడానికి పెద్ద ఇల్లు వేరుగా, దిగడానికి చిన్న పుట్టి వేరుగా ఉండాలి. 1970లో దారిలో ట్యాంకు పేలిన అపోలో-13లోని ముగ్గురినీ కాపాడింది ఇలాంటి రెండో నౌకే. 13 అంకె అపశకునమని ఇప్పటికీ చెప్పేవాళ్ళు, ఇద్దరు రెండు రోజులు ఉండేందుకు కట్టిన చంద్రనౌక ముగ్గురిని దాదాపు నాలుగు రోజులు మోసిందని మాత్రం చెప్పరు. ఇల్లు వాతావరణంలోకి దిగనక్కర్లేదు కాబట్టి దానికి ఏ ఆకారమైనా సరే. కావాలంటే కృత్రిమ గురుత్వం కోసం తిప్పుకోవచ్చు. నిమిషానికి రెండు చుట్లతో భూమి మీది బరువు రావాలంటే వ్యాసార్ధం 224 మీటర్లు ఉండాలి, అంగారకుడి బరువు చాలనుకుంటే 85.

మరి భూమికి చేరాక ఆ ఇంటిని ఏం చేయాలి? 40 టన్నుల ఇల్లు 12.5 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. కక్ష్యలో నిలపాలంటే కనీసం ఒకటిన్నర కిలోమీటర్లు తగ్గించాలి. 3.6 కిలోమీటర్ల వేగంతో వాయువును చిమ్మే మీథేన్ ఇంజనుకు అందుకోసం 20 టన్నుల పైగా ఇంధనం కావాలి, దాన్ని అంగారకుడి దాకా మోసుకెళ్ళి మళ్ళీ మోసుకురావాలి. గాలి సాయంతో ఆపుదామంటే ఇంటికే ఉష్ణకవచం తొడగాలి. మనుషులు పుట్టిలోకి మారి, ఖాళీ ఇంటిని భూమి పక్క నుంచి సూర్యుడి చుట్టూ తిరగనివ్వడం అన్నిటికన్నా చౌక.