వకాల్తా మీద ఆ నంబరు వెనక

శ్రీకాకుళం జిల్లా కోర్టు దగ్గర వకాల్తా ఫారం (కేసును వకీలుకు అప్పగించే కాగితం) చేతికొస్తే కక్షిదారు తన సంతకం ఎక్కడో వెతుక్కుని గీసేస్తాడు. చూడాల్సింది వకీలు పేరు దగ్గరుండే ఎన్‌రోల్‌మెంటు నంబరు: ఏపీ అనే అక్షరాలు, వరస సంఖ్య, నమోదైన సంవత్సరం. ఆ మనిషి నమోదైన వకీలని చెప్పేది అదే. దాని వెనక పెద్ద కథే ఉంది.

సొలిసిటరన్న మాట (వాదన కన్నా కాగితాల పని, సలహాలు చూసే న్యాయవాది) మన జనం నోట నిలవలేదు. బ్రిటిష్ కాలంలో సొలిసిటర్లు, అటార్నీలు మద్రాసు లాంటి మహానగరాల హైకోర్టుల చుట్టూనే ఉండేవారు. మనకు తెలిసింది వకీలు, ప్లీడరు. 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం ప్లీడర్లను, కింది కోర్టుల్లో పనిచేసే ముక్తారులను, రెవెన్యూ ఏజెంట్లను తరగతులుగా విడదీసింది. ఆడవాళ్లకు తలుపు తెరవడానికి 1923లో వేరే చట్టమే కావాల్సొచ్చింది.

1961 అడ్వకేట్స్ చట్టం వచ్చి అందరినీ అడ్వకేటు అనే ఒకే తరగతి కిందికి తెచ్చే పని మొదలెట్టింది. అటార్నీలు మాత్రం 1976 సవరణ దాకా మిగిలారు. అడ్వకేటు కావాలంటే లా డిగ్రీ, 21 ఏళ్ల వయసు, వకీళ్లను నమోదు చేసే రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు ఉండాలి. 2010 నుంచి అఖిల భారత బార్ పరీక్ష కూడా తోడైంది. అర్హత లేకుండా ప్రాక్టీసు చేస్తే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు.

అసలు తలనొప్పి దళారీలు, అంటే కమీషన్ కోసం వకీళ్లకు కేసులు పట్టుకొచ్చేవాళ్లు. 1961 చట్టం 1879 నాటి పాత చట్టాన్ని దాదాపు తుడిచేసినా, దళారీల జాబితాలు ప్రకటించే 36వ సెక్షన్‌ను ఉంచేసింది. 2023 సవరణ దాన్ని 45ఏ సెక్షన్‌గా 1961 చట్టంలోకి మార్చి, 1879 చట్టాన్ని పూర్తిగా రద్దు చేసింది. 2024 సెప్టెంబరు 30 నుంచి అమల్లో ఉంది. జాబితాకెక్కిన దళారీని కోర్టు ఆవరణలోకి రానివ్వకుండా ఆపొచ్చు. దళారీగా పనిచేస్తే మూడు నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో 500 ఎవరిని భయపెడుతుంది?

మగవాళ్లు చెన్నైకో గుజరాత్‌కో వలసపోయిన ఊళ్లలో పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకున్న బంధువే కేసు చూస్తాడు. అతను కాగితాల మీద సంతకం పెట్టొచ్చు. అడ్వకేట్స్ చట్టం 32వ సెక్షన్ కింద కోర్టు అనుమతిస్తే తప్ప వాదించకూడదు. దస్తావేజు రైటరు సంగతీ అంతే: దస్తావేజు రాయడం వరకే.

ఖాళీ వకాల్తా మీద సంతకం చేయకండి. కేసు దాఖలయ్యాక 16 అక్షరాంకెల సీఎన్‌ఆర్ నంబరు (ఆ కేసుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) అడిగి తీసుకోండి. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే మీ తరఫు వకీలు పేరు, వాయిదా తేదీ కనిపిస్తాయి. మీరు ఫీజు ఇచ్చిన మనిషి పేరు అక్కడ లేకపోతే మరుసటి వాయిదాకు ముందే ఎందుకని నిలదీయండి.