కండువా కొంగైతే చప్పట్లు, చీర కడితే జైలు

ఆడామగా గీతల్లో ఇమడని క్వీర్ కవి ఒకరు బొమ్మను చేతికి తొడుక్కుని హన్మకొండలో నలుగురి ముందు తన కథ తానే చెబితే, ఇది పట్నం నుంచి వచ్చిన ఫ్యాషన్ అనేవాళ్లుంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఈ నేలకు బొమ్మా కొత్త కాదు, ఆడామగా గీత దాటిన గొంతూ కొత్త కాదు.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటల గురించి రాశాడు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో అమ్మాపురం అనగానే కొయ్యబొమ్మలాటే గుర్తొస్తుంది. ఇక ఒగ్గుకథ. మల్లన్న కథ చెప్పే మనిషి కండువాను తల మీదికి లాక్కుని, అంచును పళ్ల మధ్య పట్టుకుంటాడు. అంతే, మల్లన్న భార్య మేడలమ్మ వచ్చేస్తుంది. ఆమె ఏడిస్తే ముందు వరుసలో కూర్చున్న ముసలవ్వలు కళ్లొత్తుకుంటారు. మరు నిమిషం అదే కండువా నడుముకు బిగిస్తే మల్లన్న. నిజామాబాద్ వైపు చిందు భాగవతం ఆడే చిందుల ఎల్లమ్మ మగవేషాలు కట్టి ఊళ్లను మెప్పించింది.

వేషం వరకే కాదు. వేములవాడలో శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరుగుతుంటే, శివుడికి అంకితమైన, శివపార్వతులని పిలిచే భక్తులు, వాళ్లలో హిజ్రాలూ, చేత త్రిశూలం పట్టుకుని తలంబ్రాలు పోసుకుంటారు. శివుడే మొగుడంటారు.

మరి ఆడామగా గీత దాటినవాళ్లంటే ఈ భయం ఎక్కణ్నుంచి వచ్చింది? చాలావరకు చట్టం నుంచే. బ్రిటిష్ వాళ్లు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టంలో హిజ్రాల మీద ఒక భాగం ఉంది. అదే దారిలో నిజాం సర్కారు తన ఫస్లీ క్యాలెండర్ ప్రకారం 1329లో, అంటే 1919లో, ఒక చట్టం తెచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం ఉంటే చాలు, హిజ్రా పేరు రిజిస్టర్‌కెక్కుతుంది. పేరెక్కిన మనిషి చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, జనం ముందు ఆడినా పాడినా వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. ఒగ్గు కథకుడికి చప్పట్లు తెచ్చిన పనే వీళ్లకు నేరమైంది. ఇంతకంటే అన్యాయం నాకు తోచదు.

నిజాం పోయినా ఆ చట్టం పోలేదు. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377పై 2018లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చాక కూడా చట్టాల పుస్తకంలోనే ఉంది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కి పోరాడితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పెన్షన్ కూడా ఇవ్వమంది. వీధిలో పాడితే అరెస్టు అన్న రాత మన రాష్ట్రంలో చెరిగింది అప్పుడే.