ఊరేగింపులో పోలీసు కెమెరా: న్యూయార్క్ పాత రీళ్ల వెనుక కథ

2024 ఏప్రిల్ 30 రాత్రి న్యూయార్క్ పోలీసులు, నిరసన తెలుపుతున్న విద్యార్థులు ఆక్రమించిన కొలంబియా యూనివర్సిటీ హామిల్టన్ హాల్‌లోకి కిటికీ గుండా చొరబడ్డారు. సరిగ్గా 56 ఏళ్ల కిందట, 1968 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, ఇదే భవనాన్ని ఇదే పోలీసు శాఖ ఖాళీ చేయించింది. తేడా ఒక్కటే. అప్పట్లో పోలీసులు తీసిన బొమ్మలు శాఖ అల్మరాల్లోకి వెళ్లిపోయేవి. ఈసారి తాము తీసిన వీడియోను వాళ్లే కత్తిరించి, అతికించి సోషల్ మీడియాలో పెట్టుకున్నారు.

ఇలాంటి గొడవ రేగినప్పుడల్లా పాత ప్రశ్నే లేస్తుంది. నేరమేదీ జరగని చోట, చేతిలో ప్లకార్డు తప్ప మరేమీ లేని మనిషి మొహాన్ని పోలీసు ఎందుకు రికార్డు చేయాలి? సెల్మా, బర్మింగ్‌హామ్ ఊళ్లలో నల్లజాతివారి హక్కుల పోరాటం, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ ప్రశ్నకు జవాబు అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కన్నా న్యూయార్క్‌లోనే ఎక్కువ దొరుకుతుంది.

మాన్‌హాటన్‌లోని చాంబర్స్ స్ట్రీట్ 31వ నంబరు భవనంలో నగర మునిసిపల్ ఆర్కైవ్స్ ఉంది. 1960, 70ల్లో పోలీసులు తీసిన నిఘా ఫిల్ములను ఆ సంస్థ డిజిటైజ్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఎక్కువ వాటికి శబ్దం లేదు. ఒకటి రెండు చూస్తే చాలు, టీవీ వార్తల కెమెరాకూ దీనికీ తేడా తెలిసిపోతుంది. వార్తల కెమెరా మైకు ముందున్న నాయకుణ్ని వెతుక్కుంటుంది. ఇది మాత్రం వేదికను వదిలేసి వరుస వెంట నడుస్తుంది. ఒక మొహం, ప్లకార్డు, ఇంకో మొహం. పెళ్లి వీడియో తీసేవాడు పంక్తిలో కూర్చున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఆగినట్టు ఆగుతుంది. కాకపోతే పెళ్లిలో మనం కెమెరాను చూసి నవ్వుతాం.

ఈ ఫిల్ముల వెనుక ఉన్నది స్పెషల్ సర్వీసెస్ అనే పోలీసు నిఘా విభాగం, పొట్టి పేరు 'బాస్'. దాని చేయి ఎంత దూరం వెళ్లేదో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. 1965 ఫిబ్రవరి 21న ఆడుబాన్ బాల్‌రూమ్‌లో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ తూటాలకు కూలిపోతే, నోటితో ఊపిరి అందించి బతికించబోయిన అంగరక్షకుడు జీన్ రాబర్ట్స్. ఆయన బాస్ పంపిన మారువేషపు పోలీసు. తర్వాత అదే మనిషి బ్లాక్ పాంథర్లనే నల్లజాతి ఉద్యమ సంస్థలో చేరి, వాళ్ల మీద కోర్టులో సాక్ష్యం చెప్పాడు. అదే 'పాంథర్ 21' కేసు. విచారణ నెలల తరబడి సాగింది. 1971 మే 13న జ్యూరీ కొన్ని గంటల్లోనే మొత్తం 156 అభియోగాల్లోనూ నిర్దోషులని తేల్చేసింది. నిండు గర్భిణిగా తన కేసు తానే వాదించుకున్న అఫేని షకూర్ ఆ నిందితుల్లో ఒకరు. నెల తర్వాత ఆమెకు పుట్టిన బిడ్డే ర్యాప్ గాయకుడు టూపాక్.

పోలీసులు ఎంతకాలంగా, ఎంతమంది వెంట పడ్డారో ఆ విచారణలోనే బయటపడింది. అదే మే నెలలో లాయర్ బార్బరా హాంద్షూ, ఉద్యమకారుడు అబీ హాఫ్‌మన్ తదితరులు పోలీసు నిఘా మీద ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. పద్నాలుగేళ్లకు, 1985లో రాజీ కుదిరింది. రాజకీయ కార్యకలాపాల మీద దర్యాప్తు మొదలుపెట్టాలంటే నేరం జరిగిందనో జరగబోతోందనో నిర్దిష్టమైన సమాచారం ఉండాలి. అనుమతికి ముగ్గురి మండలి, అందులో ఒకరు పోలీసు కాని మనిషి. హాంద్షూ మార్గదర్శకాలని అందరూ గొప్పగా చెప్పుకునేవి ఇవే.

చాలామంది కథను ఇక్కడ ఆపేస్తారు. నా ఉద్దేశంలో అసలు మలుపు 1971 కాదు, 1985 కూడా కాదు, 2003.

సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం పగ్గాలు పట్టిన డేవిడ్ కోహెన్ సీఐఏ నుంచి వచ్చినవాడు. పాత నిబంధనలతో ఉగ్రవాదాన్ని పట్టుకోలేమని 2002లో కోర్టుకు వెళ్లాడు. జడ్జి చార్లెస్ హైట్ 2003 ఫిబ్రవరిలో ఒప్పుకున్నారు. 'నిర్దిష్టమైన సమాచారం' అన్న షరతు ఎగిరిపోయింది. పోలీసుల వాదన కొట్టిపారేయదగింది కాదు: రెండు వేల ఏడు వందల మందికి పైగా చనిపోయిన నగరం అది, బహిరంగ స్థలంలో ఎవరైనా చూడగలిగేదాన్ని పోలీసు మాత్రం చూడకూడదా అని వాళ్లడిగారు. కానీ మొదట ఏం జరిగిందో చూడండి. అదే ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా నిరసన సభ జరిగింది. అరెస్టు చేసినవాళ్లను ఏ సంస్థలో ఉన్నావు, రాజకీయాలేమిటి అని అడిగి ఒక ఫారంలో రాసుకున్నారు. న్యూయార్క్ పౌరహక్కుల సంఘం బయటపెట్టేసరికి ఆ ఫారాన్ని మానేశారు. పోలీసు కమిషనర్ రేమండ్ కెల్లీ తనకు తెలియదన్నారు. ఇది చూశాకే జడ్జి కొత్త మార్గదర్శకాలను కోర్టు ఉత్తర్వులో భాగం చేశారు.

ఇక కెమెరా సంగతి. 2004 సెప్టెంబర్‌లో పోలీసు శాఖ ఇంటరిమ్ ఆర్డర్ 47 తెచ్చి, ప్రదర్శనలను వీడియో తీసే వెసులుబాటు పెంచింది. 2005 మార్చిలో హార్లెంలో ఒక ఊరేగింపును తీశారు. ఆ డిసెంబర్‌లో నిరాశ్రయుల కోసం మేయర్ బ్లూంబర్గ్ ఇంటి ముందు జరిగిన నిరసననూ తీశారు. రెండూ ప్రశాంతంగానే సాగాయి. 2007 ఫిబ్రవరిలో హైట్ గట్టిగానే చెప్పారు: చట్టవిరుద్ధమైనదేదో జరగొచ్చన్న సూచన లేకుండా ఇలా తీయడం మార్గదర్శకాలకు విరుద్ధం. హాంద్షూ కేసు పాత లాయర్లు ఊపిరి పీల్చుకున్నారు. నాలుగు నెలలైనా గడవకముందే జూన్‌లో ఆయనే ఆ తీర్పును వెనక్కి తీసుకున్నారు. మార్గదర్శకాన్ని దాటినంత మాత్రాన రాజ్యాంగాన్ని దాటినట్టు కాదు, కాబట్టి దాని మీద కోర్టుకు రావడం కుదరదన్నారు. గీత గీసిన చేత్తోనే చెరిపేశారు. ఈనాటి వివాదానికి వేరు ఇక్కడుంది. నిబంధన పుస్తకంలో ఉంది, అది తప్పితే అడిగే దారి లేదు.

తర్వాతివి త్వరగా చెప్పుకోవచ్చు. ముస్లింల మీద న్యూయార్క్ పోలీసుల నిఘాను 2011లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ బయటపెట్టింది. నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ 2016లో పరిశీలించిన ఫైళ్లలో 95 శాతం పైగా ముస్లింలకు సంబంధించినవే. 2017లో మరో రాజీ కుదిరి, ఇలాంటి దర్యాప్తులను సమీక్షించే కమిటీలో ఒక పౌర ప్రతినిధి వచ్చి కూర్చున్నారు. 2020లో ఒక నల్లజాతి ఉద్యమకారుడి ఇంటిని పోలీసులు చుట్టుముట్టినప్పుడు, ఇన్‌స్టాగ్రామ్ ఫొటోతో ముఖ గుర్తింపు వాడారని తేలింది. ఆనాటి రీల్‌లో మొహం చూసి పేరు చెప్పడానికి దాన్ని ఎరిగిన పోలీసు కావాలి. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. హైదరాబాద్ పాతబస్తీలో 2021 మేలో పోలీసులు తనను ఆపి ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్లడం, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు రావడం గుర్తున్నవాళ్లకు ఇది దూరపు ముచ్చటేమీ కాదు.

చివరగా ఆ పాత నిఘా ఫైళ్లు దాచిన పెట్టెల సంగతి. యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టోరికన్ యువజన సంస్థ చరిత్ర రాస్తున్న ప్రొఫెసర్ జొహానా ఫెర్నాండెజ్, ఆ సంస్థ మీద పోలీసులు పెట్టిన ఫైళ్లు చూపించమని 2014లో నగరం మీద కేసు వేశారు. ఎంత వెతికినా దొరకలేదని నగరం చెప్పింది. సరిగానే వెతికారని నమ్మి 2016 మేలో జడ్జి కేసు కొట్టేశారు. కొన్ని వారాలకే, జూన్‌లో, నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఒక గోడౌన్‌లో 520 పెట్టెల నిఘా ఫైళ్లు బయటపడ్డాయి. మరుసటి ఏడాది చాంబర్స్ స్ట్రీట్‌లో నిఘా ఫొటోలతో ప్రదర్శన పెట్టారు. పోలీసులను 'అనుకోని చరిత్రకారులు' అంటూ దానికో పేరు పెట్టారు. ఆ పేరు నాకు మింగుడు పడదు. చరిత్రకారుడు తాను రాసింది నలుగురికీ చూపిస్తాడు. ఈ పెట్టెలు చూడటానికి చరిత్ర రాసే మనిషి కోర్టుకెక్కాల్సి వచ్చింది, అక్కడా ఓడిపోయింది.